బిల్లీ హాలిడే పాటలు: ఎలా పోగుచేయాలి, పక్కపక్కన పెట్టి ఎలా వినాలి

ఒక పాటతో మొదలుపెట్టండి. రికార్డుతో కాదు, సీడీల పెట్టెతో కాదు, ఒకే ఒక్క పాటతో. నన్నడిగితే "దే కాంట్ టేక్ దట్ అవే ఫ్రమ్ మీ" తీసుకోమంటాను. జార్జ్ గెర్ష్విన్ కట్టిన వరస అది. అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే దాన్ని 1937 ఏప్రిల్ 1న స్టూడియోలో చిన్న బృందంతో పాడింది. మూడు నెలలు తిరక్కుండానే, జూన్ 30న, న్యూయార్క్‌ సవాయ్ బాల్‌రూమ్‌లో కౌంట్ బేసీ బృందంతో పాడింది. ఆ రేడియో ప్రసారాన్ని అప్పుడే డిస్కు మీదికి ఎక్కించి ఉంచబట్టి అది మనకు దక్కింది. మళ్ళీ ఇరవై ఏళ్ళకు, 1957 జనవరిలో, లాస్ ఏంజెలిస్ స్టూడియోలో బెన్ వెబ్‌స్టర్ టెనర్ శాక్సఫోన్‌తో తోడుండగా పాడింది. మూడూ సంపాదించడం కష్టం కాదు. మూడింటినీ ఒకే సాయంత్రం వింటే ఈ పనంతా ఎందుకో మీకే తెలుస్తుంది.

నేను ఇలా మొదలుపెట్టలేదు. ఉత్తమ గీతాలని అట్ట మీద రాసిన సీడీలు మూడు, మూడు చోట్ల కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మూడింట్లోనూ దాదాపు అవే పాటలు. ఏది ఏ ఏడాది పాడిందో ఒక్కదాని మీదా లేదు. ఒకే పాట ఒక సీడీలో లేత గొంతుతో, ఇంకోదాంట్లో బాగా నలిగిన గొంతుతో వినిపిస్తుంటే కారణం తెలియక చాలా రోజులు తికమకపడ్డాను. ఆ తికమక తీర్చింది ఒక్కటే: పాట రికార్డయిన తేదీ. ఇక్కడ చెప్పేదంతా ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక పటం గీసుకోండి

బిల్లీ హాలిడే 1915లో ఫిలడెల్ఫియాలో పుట్టింది, 1959 జులై 17న న్యూయార్క్‌లో పోయింది. తొలి రికార్డు 1933 నవంబరులో బెన్నీ గుడ్‌మన్ బృందంతో. చివరి ఆల్బమ్ రికార్డింగు 1959 మార్చిలో. ఒక తెల్ల కాగితం మీద ఈ రెండు తేదీల మధ్య అడ్డంగా గీత గీసి, దాన్ని ఆమె పాడిన కంపెనీలను బట్టి ముక్కలు చేయండి.

మొదటి ముక్క పెద్దది. 1935 జులై 2న పియానో వాద్యకారుడు టెడ్డీ విల్సన్‌తో మొదలై 1942 దాకా సాగింది. ఆ రికార్డుల మీద బ్రన్స్విక్, వొకాలియన్, ఓకే అనే పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ వేర్వేరు కంపెనీలనుకుని వేటకు బయల్దేరకండి. 1938 చివర్లో సీబీఎస్ సంస్థ ఆ పేర్లను నడిపిన కంపెనీని కొనేయడంతో ఆ మాస్టర్లన్నీ, అంటే అసలు రికార్డింగులు, కొలంబియా గూటికి చేరాయి. ఇప్పుడవి సోనీ చేతిలో ఉన్నాయి. లెస్టర్ యంగ్ శాక్సఫోన్ ఆమె గొంతు పక్కన మొదటిసారి రికార్డయిన 1937 జనవరి 25 ఈ ముక్కలోదే. ఆ తేదీ కింద ఎర్రగీత పెట్టుకోండి.

రెండోది చిన్నది, బరువైనది: కమడోర్. న్యూయార్క్‌లో రికార్డుల కొట్టు నడిపిన మిల్ట్ గేబ్లర్ పెట్టిన లేబుల్, అంటే రికార్డుల కంపెనీ అది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసి చంపడం గురించిన "స్ట్రేంజ్ ఫ్రూట్" పాటను కొలంబియా వద్దంటే, గేబ్లర్ 1939 ఏప్రిల్ 20న రికార్డు చేశాడు. 1944లో మళ్ళీ కొన్ని పాటలు. అన్నీ కలిపి పదహారే.

1944 నుంచి 1950 దాకా డెక్కా. ఇక్కడ వెనకాల వయొలిన్ల వరస నిలబెట్టుకుని పాడింది. 1944 అక్టోబరులో పాడిన "లవర్ మ్యాన్"తో అది మొదలు. 1952 నుంచి 1957 దాకా నిర్మాత నార్మన్ గ్రాంజ్ లేబుళ్ళు, క్లెఫ్, తర్వాత వెర్వ్. చివర్లో 1958 ఫిబ్రవరిలో కొలంబియాకు "లేడీ ఇన్ శాటిన్", మరుసటేడు ఎంజీఎంకు ఆఖరి ఆల్బమ్. వీటి మధ్య చిల్లర ముక్కలు కొన్ని ఉంటాయి. 1942లో కాపిటల్‌కు పాడిన "ట్రావ్‌లిన్ లైట్" మీద ఆమె అసలు పేరే లేదు. ఒప్పందం అడ్డొచ్చి "లేడీ డే" అని వేశారు. ఆ పేరుతో కూడా వెతకాలి.

1942 ఆగస్టు తర్వాత మీ పటంలో ఖాళీ కనిపిస్తే పొరపాటు చేశానని కంగారుపడకండి. వాద్యకారుల సంఘం రికార్డింగులు మానేసి సమ్మె చేసిన కాలం అది.

విడుదల తేదీని నమ్మవద్దు

అట్ట మీద ఉండే ఏడాది తరచుగా ఆ అట్ట అచ్చయిన ఏడాదే. కార్నెగీ హాల్ కచేరీ 1956 నవంబరు 10న జరిగింది, ఎల్పీగా (ఎక్కువ పాటలు పట్టే వినైల్ ప్లేటుగా) వచ్చింది 1961లో, ఆమె పోయాక. "లేడీ సింగ్స్ ద బ్లూస్" ఆల్బమ్ 1956దే, కానీ అందులో నాలుగు పాటలు 1954 సెప్టెంబరులో పాడినవి. ఒకే ఎల్పీ మీద రెండేళ్ళ తేడా ఉన్న గొంతులు రెండు. 1952లో పది అంగుళాల ఎల్పీగా వచ్చినదానికి 1956లో నాలుగు పాటలు చేర్చి "సాలిట్యూడ్" అని పేరు మార్చారు. రెండూ కొంటే పాత పాటలకే రెండోసారి డబ్బు కట్టినట్టు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది "ఫైన్ అండ్ మెలో". 1957 డిసెంబరు 8న సీబీఎస్ టీవీలో "ద సౌండ్ ఆఫ్ జాజ్" కార్యక్రమంలో ఆమె ఆ పాట పాడింది. లెస్టర్ యంగ్, కోల్మన్ హాకిన్స్, బెన్ వెబ్‌స్టర్, రాయ్ ఎల్‌డ్రిడ్జ్ లాంటి పేరున్న వాద్యకారులందరూ చుట్టూ ఉన్నారు. ఆ కార్యక్రమం పేరుతోనే కొలంబియా ఎల్పీ కూడా ఉంది. అయితే ఎల్పీలో ఉన్నది కొద్ది రోజుల ముందు స్టూడియోలో విడిగా చేసిన రికార్డింగు. టీవీలో చూసి మనసు పారేసుకుని ఎల్పీ కొన్నవాళ్ళకు అది వినిపించదు. రెండూ ఉంచుకోండి, రెండు వేరు తేదీలతో రాసుకోండి.

తేదీలు తేల్చుకోవడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ నడిపే అమెరికన్ చారిత్రక రికార్డింగుల డిస్కోగ్రఫీ ఇంటర్నెట్లో ఉచితంగా ఉంది. పాట పేరు కొడితే తేదీ, ఊరు, మాస్టర్ నంబరు, టేక్ నంబరు వస్తాయి. అట్ట మీది బొమ్మలు, ముద్రణల తేడాలు చూడటానికి డిస్కాగ్స్ అనే వెబ్‌సైటు వాడండి. తేదీ విషయంలో రెండూ తగాదా పడితే నేను మొదటిదాన్నే నమ్ముతాను.

ఈ మాస్టర్ నంబరు సంగతి కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోండి. టేపు రాకముందు పాట నేరుగా డిస్కు మీదికే ఎక్కేది. మధ్యలో తప్పు దొర్లితే అతుకు వేయడానికి వీల్లేదు, మొదటినుంచీ పాడాల్సిందే. అలా ఒకే పూట రెండు మూడుసార్లు పాడితే ప్రతిదీ ఒక టేక్. మాస్టర్ నంబరు ఒకటే ఉంటుంది, వెనక తోక మారుతుంది. మన పాటకచేరీలో ఒకే పల్లవికి ప్రతిసారీ సంగతులు మారినట్టు ఈ టేకుల్లో మాట పడే చోటు మారుతుంది. అందుకే "ఆ పాట నా దగ్గరుంది" అనుకోకండి, "ఆ పాట ఏ టేక్ నా దగ్గరుంది" అని చూసుకోండి.

ఏది కొనాలి

డబ్బు తక్కువైతే కమడోర్ రెండు సీడీలు (1997), డెక్కా రెండు సీడీలు (1991) ముందు. రెండింటిలోనూ తేదీలు, వాద్యకారుల పేర్లు వివరంగా ఉంటాయి. కొంచెం చేయి తిరిగాక కొలంబియా పది సీడీల సెట్టు. 2001లో వచ్చింది, 1933 నుంచి 1944 దాకా 230 ట్రాకులు. వెర్వ్‌కూ పది సీడీల సెట్టు ఉంది. ఇవి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కొనేముందు లోపలి పుస్తకం ఉందో లేదో అడగండి. పుస్తకం లేని సెట్టుకు నేను సగం ధర కూడా ఇవ్వను.

యూరప్ నుంచి వచ్చే చవక పెట్టెలు కనిపిస్తాయి, పది సీడీలు ఒక ఎల్పీ ధరకు. 1963కు ముందు విడుదలైన రికార్డింగులకు అక్కడ హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి ఎవరైనా వేయవచ్చు. కొన్ని శ్రద్ధగా చేసినవే. చాలావాటిలో వేరే వాళ్ళ సీడీ నుంచి తీసి, గరగర శబ్దం పోవడానికి గట్టిగా వడకట్టేసి ఉంటారు. గరగరతో పాటు తాళం పళ్ళేల మెరుపు, ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు కూడా పోతాయి. గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. పాటకు ముందూ వెనకా నిశ్శబ్దం మరీ నల్లగా, మూసేసినట్టు ఉంటే అనుమానించండి. 1930, 40 దశకాల పాటల అట్ట మీద స్టీరియో అని ఉంటే అసలు ముట్టుకోకండి. అవన్నీ మోనోలో పుట్టినవే. తర్వాత యంత్రంతో కుడి ఎడమలుగా చీల్చినవి అవి.

నిజమైన స్టీరియోలోనూ ఒక చిక్కుంది. "లేడీ ఇన్ శాటిన్" మోనో ఎల్పీలో పన్నెండు పాటలు, అప్పటి స్టీరియో ఎల్పీలో పదకొండే. "ది ఎండ్ ఆఫ్ ఎ లవ్ ఎఫైర్" మోనోలోనే ఉంది. పాత ఎల్పీ కొంటుంటే మోనోకే ఓటు.

పాత 78 ప్లేట్లు కావాలనుకుంటే

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆమె పాటల అసలు ప్లేట్లు మన ఊళ్ళలో పాత సామాన్ల కొట్లలో దొరుకుతాయని ఆశపడకండి. ఎక్కువగా విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకున్నాకే డబ్బు కట్టండి. నాకు ఒకసారి ప్లేటు రెండు ముక్కలై వచ్చింది. అమ్మినతను అట్ట కవరులో పెట్టి పంపాడు, అంతే. అప్పటినుంచీ ముందే రాసి అడుగుతున్నాను: ప్లేటుకన్నా పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య బిగించాలి, దాన్ని ఒక పెట్టెలో, ఆ పెట్టెను మెత్తటి సరుకు నింపిన ఇంకో పెట్టెలో పెట్టాలి.

ఈ ప్లేట్లు లక్కతో చేసినవి. ప్రపంచమంతటా అప్పట్లో ప్లేట్లకు వాడిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం అడవుల నుంచి వెళ్ళిందే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు ఆగి లక్క అందక అమెరికాలో పాత ప్లేట్లు పోగుచేసి కరిగించి కొత్తవి పోశారు. యుద్ధకాలపు ముద్రణల్లో గరగర ఎక్కువగా ఉండటానికి అదొక కారణం. "స్ట్రేంజ్ ఫ్రూట్" కమడోర్ 526 నంబరుతో, వెనకవైపు "ఫైన్ అండ్ మెలో"తో వచ్చింది. అది కొంటే ఏ కాలపు ముద్రణో అడిగి కొనండి.

లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఎల్పీలు తుడిచే ఆల్కహాల్ ద్రవం 78 ప్లేటు మీద పడిందో, పాట పోయినట్టే. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి గుడ్డతో గాడి తిరిగే దారిలోనే తుడిచి, లేబుల్ తడవకుండా, మళ్ళీ మంచి నీటితో తుడిచి నిలబెట్టి ఆరనివ్వండి.

ముల్లు కూడా వేరే కావాలి. ఎల్పీ ముల్లు కొన సుమారు 25 మైక్రాన్లు, 78కి సుమారు 75. ఎల్పీ ముల్లుతో 78 వాయిస్తే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. పాట దూరంగా, గరగర దగ్గరగా వినిపిస్తుంది.

కంప్యూటర్లోకి ఎక్కించి, శ్రుతి సరిచూడండి

ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. ఎక్కించిన అసలు ఫైలును ఏ మార్పూ చేయకుండా ఒక చోట దాచేయండి. మార్పులు నకలు మీదే చేయండి. ఫైలు పేరు తేదీతో మొదలుకావాలి: 1937-01-25, తర్వాత పాట, టేక్, ఎక్కడి నుంచి తీశారో. ఇలా పెడితే ఫోల్డరు తెరవగానే ఆమె జీవితం వరసలో కనిపిస్తుంది.

తర్వాతది చాలామంది వదిలేసే మెట్టు. 78 అని పేరే గానీ ప్లేట్లన్నీ సరిగ్గా ఆ వేగంతో కోసినవి కావు. ఎక్కించినవాళ్ళు వేగం సరిచూడకపోతే శ్రుతి జరుగుతుంది. ఒకే టేక్ రెండు సీడీల్లో ఉంటే మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా ఎన్ని సెకండ్లో కొలవండి. మూడు నిమిషాల పాటలో మూడు సెకండ్ల తేడా ఉంటే వేగంలో దాదాపు 1.7 శాతం తేడా. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరం వేగంలో 6 శాతానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఇది అందులో పావు వంతు పైనే. చెవికి తెలుస్తుంది. ఫోనులో తంబురా యాప్ ఉంటే తెరిచి, పియానో తీగకు శ్రుతి కలిపి చూడండి. ఏ శ్రుతికీ కుదరకుండా రెండింటి మధ్య వేలాడుతుంటే ఆ నకలు వేగం తప్పింది. ఇది సరిచూడకుండా "చివరి ఏళ్ళలో గొంతు దిగిపోయింది" అని రాసేయడం ఆమెకు అన్యాయం. దిగింది గొంతో, యంత్రమో ముందు తేల్చుకోవాలి.

ఇక వినడం

రెండు ఫైళ్ళ శబ్దం సమానం చేయండి. కొంచెం గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, ఏది మోగుతోందో మీకు చెప్పకుండా మార్చమనండి. సీడీల నాణ్యత తేల్చడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు దొరకలేదు.

పాట పోల్చడం వేరే పని. ముందు ఆ పాట అసలు వరస నేర్చుకోండి. సూటిగా పాడే ఎవరి గొంతులోనైనా వినండి, లేదా వాద్యం మీద. బిల్లీ హాలిడే గొంతు పరిధి ఒక స్థాయి కన్నా కాస్తే ఎక్కువ. వరస పైకి ఎక్కే చోట ఆమె ఎక్కదు. అడుగునే ఉండి, రెండు మూడు స్వరాల్లో ఆ మాటను తిప్పుతుంది. అసలు వరస తెలిస్తేనే ఆమె ఏం వదిలేసిందో వినిపిస్తుంది. నా దృష్టిలో ఆమె పాట సగం ఆ వదిలేయడంలోనే ఉంది.

నోటు పుస్తకంలో మూడే ప్రశ్నలు రాసుకోండి. మాట తాళం మీద పడిందా, వెనక పడిందా? ఎక్కడ ఊపిరి తీసుకుంది? ఆమెకు జవాబిచ్చిన వాద్యం ఏది?

మొదటి ప్రశ్నకు చేత్తో తాళం వేస్తూ వినండి. బేసీ బృందంతో 1937 జూన్ ప్రసారంలో ఫ్రెడీ గ్రీన్ గిటారు, వాల్టర్ పేజ్ బేస్, జో జోన్స్ డ్రమ్స్ కలిసి నడిపిస్తుంటే మీ చెయ్యి గడియారంలా పడుతుంది. ఆమె మాత్రం చెయ్యి పడ్డాక వస్తుంది. ఆలస్యమైందని ఎక్కడా అనిపించదు. ఎక్కడో ఒక చోట దూరమంతా కలిపేసుకుంటుంది. ఆ చోటును సెకండ్లతో సహా రాసుకోండి. 1957 రికార్డింగులో అదే మాట ఎక్కడ పడిందో చూడండి. నడక నెమ్మదించినకొద్దీ ఆమె వెనకబాటుకు చోటు పెరుగుతుంది. అదే నన్ను ఆ చివరి రికార్డుల దగ్గర కట్టిపడేసింది.

మూడో ప్రశ్న కోసం "వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ" (1935) వినండి. ఆ ప్లేటు మీద పేరు టెడ్డీ విల్సన్‌ది. ముందు గుడ్‌మన్ క్లారినెట్ వరస మొత్తం వాయించాకే ఆమె వస్తుంది. బృందంలో ఆమె ఒక వాద్యం. "దీజ్ ఫూలిష్ థింగ్స్" 1936లో టెడ్డీ విల్సన్‌తో, 1952లో ఆస్కార్ పీటర్సన్ పియానోతో ఉంది. రెండోదానికి వచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆమె కోసం ఆగుతున్నారు. "గాడ్ బ్లెస్ ద చైల్డ్" మూడుసార్లు స్టూడియోలో పాడింది: 1941లో చిన్న బృందంతో, 1950లో గోర్డన్ జెంకిన్స్ వాద్యబృందంతో, 1956లో మళ్ళీ చిన్న బృందంతో. మధ్యదాని బృందగానం నాకు అడ్డుగోడలా వినిపిస్తుంది. మీకు అలా అనిపించకపోవచ్చు, అందుకే నా మాట కన్నా ముందు మీ నోటు పుస్తకంలో మీ మాట రాయండి.

"స్ట్రేంజ్ ఫ్రూట్" దగ్గర మాత్రం ఈ పద్ధతి మార్చండి. 1939ది ఉంది. అందులో ట్రంపెట్, పియానో నిమిషం దాటేదాకా దారి చూపిస్తాయి, అప్పటిదాకా ఆమె రాదు. 1945 కచేరీలోది ఉంది, 1956 స్టూడియోది ఉంది, 1959 ఫిబ్రవరిలో లండన్ టీవీకి మాల్ వాల్డ్రన్ పియానోతో పాడిన దృశ్యం ఉంది. నాలుగూ ఒకేసారి వినకండి. చంపబడిన మనుషుల గురించిన పాట అది. రోజుకొకటి వినండి, ఆ పూట ఇంకేమీ పెట్టకండి. పోలిక మర్నాడు రాయవచ్చు.

గుండె దిటవు చేసుకుని వినాల్సిన ఇంకొకటి 1957 డిసెంబరు టీవీ "ఫైన్ అండ్ మెలో". లెస్టర్ యంగ్ ఒక్క ఆవృత్తం వాయిస్తాడు, పన్నెండు గణాలు (నాలుగేసి తాళపు దెబ్బల ముక్కలు), అంతే. స్వరాలు చాలా తక్కువ. కెమెరా ఆమె ముఖం మీద ఉంటుంది. దాన్ని చూశాక 1937 జనవరి 25 నాటి "దిస్ ఇయర్స్ కిసెస్" పెట్టండి, అక్కడా ఈ ఇద్దరూ ఉన్నారు. లెస్టర్ 1959 మార్చిలో, ఆమె నాలుగు నెలలకు జులైలో పోయారు.

ఇలా నాలుగైదు పాటలు పూర్తయ్యాక వెర్వ్ పది సీడీల సెట్టులోని 1955 రిహార్సల్ టేపు తీయండి. పియానో దగ్గర జిమ్మీ రౌల్స్. పాట మధ్యలో ఆగుతారు, మాట్లాడుకుంటారు, మళ్ళీ ఎత్తుకుంటారు. అప్పటికి మీ నోటు పుస్తకం సగం నిండి ఉంటుంది. ఒక వాక్యాన్ని ఆమె ఎక్కడ విరుస్తుందో ముందే ఊహించి రాసుకుని, ఆ తర్వాత ప్లే నొక్కండి.